గుంత రోడ్డుది, రోడ్డు ఎవరిది?

వానలు మొదలైతే కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ఒకటే మాట: "రోడ్డు ఇట్ల పెట్టినోళ్ల మీద కేసు పెట్టాల." కోపం న్యాయమైందే. కానీ కేసు ఎవరి మీద, ఏ చట్టం కింద, ఏ కోర్టులో అని అడిగితే అక్కడే మాట ఆగిపోతుంది. బాధ్యులు లేక కాదు. చట్టంలో బాధ్యత ఉంది, ఒక్కచోట మాత్రం లేదు. మోటారు వాహనాల చట్టంలో కొంత, శిక్షాస్మృతిలో కొంత, మున్సిపల్ చట్టాల్లో కొంత ఉంటే, మిగతాదంతా కోర్టు తీర్పుల్లో ఉంది.

విషయం చిన్నదేమీ కాదు. 2013 నుంచి 2017 దాకా గుంతల వల్ల దేశంలో 14,926 మంది చనిపోయారన్న లెక్క 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. సరిహద్దులో ఉగ్రవాదుల చేతిలో పోయినవాళ్లకంటే ఇది ఎక్కువేమో అని ధర్మాసనం వ్యాఖ్యానించింది. 2022 ఒక్క ఏడాదిలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క 1,856 మరణాలు. నిజం ఇంతకంటే పెద్దదనే నా అనుమానం. గుంత తప్పించబోయి డివైడర్‌కు కొట్టుకున్న మనిషి కేసు చాలాసార్లు "అతివేగం, అజాగ్రత్త" కింద రాసుకుపోతారు. చనిపోయినవాడే ముద్దాయి అవుతాడు, గుంత ఎఫ్‌ఐఆర్‌లో కనబడదు.

రోడ్డు యజమాని ఎవరు

కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా అనంతపురం పోయే 44వ నంబరు జాతీయ రహదారి కేంద్ర సంస్థ ఎన్‌హెచ్‌ఏఐ (జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ) చేతిలో ఉంది. నంద్యాల, మైదుకూరు మీదుగా కడపకు పోయే 40వ నంబరుదీ జాతీయ రహదారే. కొన్ని జాతీయ రహదారులను కేంద్రం తరఫున రాష్ట్ర రోడ్లు భవనాల శాఖ (ఆర్‌అండ్‌బీ)లోని జాతీయ రహదారుల విభాగం చూస్తుంది. రాష్ట్ర రహదారులు, పెద్ద జిల్లా రోడ్లు ఆర్‌అండ్‌బీవి, పల్లె రోడ్లు పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానివి, నగరంలో వీధులు కార్పొరేషన్‌వి.

గుర్తుపట్టడానికి కిలోమీటరు రాయి కొంత సాయం చేస్తుంది. రాయి తలకు పసుపు రంగు ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి, నారింజ ఉంటే గ్రామీణ రోడ్డు. గ్రామ సడక్ యోజన రోడ్డుకైతే మొదట్లోనే బోర్డు నిలబెడతారు. కాంట్రాక్టరు పేరు, ఖర్చు, పూర్తయిన తేదీ దాని మీదే ఉంటాయి. ఆ రోడ్లకు ఐదేళ్ల నిర్వహణ కాంట్రాక్టరు ఒప్పందంలో భాగం. అంటే మూడో ఏడు గుంత పడితే పూడ్చాల్సింది అతనే, బోర్డు మీద తేదీ చూస్తే తెలిసిపోతుంది.

చిక్కంతా ఊరి మధ్యలో. పాత హైవే ఊరి గుండా పోతుంటుంది, బైపాస్ పడ్డాక దాన్ని ఇంకో శాఖకు అప్పగిస్తారు. ఆ అప్పగింత కాగితం మీద ఎప్పుడు అయిందో కనుక్కోవడానికే నెలలు పడుతుంది. ఈ లోపల "మాది కాదు, వాళ్లది" అనే సమాధానం రెండు ఆఫీసుల్లోనూ దొరుకుతుంది. అందుకే ఇలాంటి కేసుల్లో వకీళ్లు అనుమానం ఉన్న శాఖలన్నింటినీ ప్రతివాదులుగా చేర్చేస్తారు.

కాంట్రాక్టరు ఉన్నాడు కాబట్టి శాఖ తప్పుకోవచ్చా అంటే, సాధారణంగా కుదరదు. కాంట్రాక్టరు బాధ్యత ఒప్పందం ప్రకారం శాఖకు, శాఖ బాధ్యత చట్టం ప్రకారం జనానికి. రెండూ వేరువేరు.

శిక్ష వేరు, పరిహారం వేరు

జనం ఎక్కువగా కలిపేసేది ఈ రెండింటినే.

2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 198ఏ సెక్షన్ వచ్చింది. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణలో కేంద్రం పెట్టిన ప్రమాణాలు పాటించక, దానివల్ల ఎవరైనా చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా సంబంధిత అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు, కన్సల్టెంటుకు లక్ష రూపాయల దాకా జరిమానా. సబ్ కాంట్రాక్టరు కూడా కాంట్రాక్టరు కిందికే వస్తాడు. గుంతకు ఇంజనీర్లను, కాంట్రాక్టర్లను నేరుగా చట్టంలోకి లాగినందుకు అప్పట్లో ఈ సెక్షన్‌కు మంచి పేరే వచ్చింది.

ఒక విషయం మాత్రం చాలామంది గమనించలేదు. ఆ లక్ష బాధితుడి ఇంటికి రాదు, కేంద్రం పెట్టిన మోటారు వాహన ప్రమాద నిధికి పోతుంది. చెయ్యి విరిగి అతుక్కుంటే అది మరణమూ కాదు, వైకల్యమూ కాదు కాబట్టి ఈ సెక్షన్ అసలు వర్తించదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టు ఉంటుంది, కుటుంబం వైపు నుంచి చూస్తే.

ఇక భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ల దాకా జైలు అంటుంది. పాత శిక్షాస్మృతి 304ఏలో ఇది రెండేళ్లే. దీని కింద ఇంజనీరునో కాంట్రాక్టరునో ముద్దాయిగా చేర్చవచ్చు. కానీ క్రిమినల్ కేసులో ఫలానా మనిషి నిర్లక్ష్యం వల్లే ఫలానా ప్రాణం పోయిందని అనుమానానికి తావు లేకుండా నిరూపించాలి. ఆ నెలలో ఆ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) సెలవులో ఉన్నాడు, అంచనాలు పంపాడు, పైనుంచి బిల్లు రాలేదు అని ఒక్కో కాగితం బయటికి వచ్చేకొద్దీ తప్పు పది మంది మధ్య పంచుకుపోతుంది. ప్రభుత్వ ఉద్యోగి విధి నిర్వహణలో చేసినదానికి ప్రాసిక్యూషన్ అనుమతి కూడా అవసరం కావచ్చు.

శిక్ష పడలేదు కాబట్టి పరిహారమూ రాదని కాదు. సివిల్ కోర్టులో నిరూపణ కొలబద్ద తక్కువ. జరిగి ఉండే అవకాశం ఎక్కువ అని తేలితే చాలు.

అసలు ప్రశ్న: వాళ్లకు తెలుసా?

198ఏ కింద కోర్టు ఏమేం చూడాలో చట్టంలోనే రాశారు. ఆ రోడ్డు ఎలాంటిది, దాని మీద ఎలాంటి బండ్లు పోతాయి, అలాంటి రోడ్డుకు ఏ స్థాయి నిర్వహణ ఉండాలి, వాడేవాళ్లు అది ఏ స్థితిలో ఉంటుందని అనుకుంటారు, ప్రమాదం ఉందని అధికారులకు తెలుసా లేక తెలిసి ఉండాలా, మరమ్మతుకు సమయం లేకపోతే కనీసం హెచ్చరిక బోర్డు పెట్టారా. ఈ వరుస దాదాపు మాటకు మాట ఇంగ్లండు 1980 హైవేల చట్టం 58వ సెక్షన్‌లో కనిపిస్తుంది. అక్కడ అది పరిహారం కేసులో శాఖ చెప్పుకునే రక్షణ. మనం ఆ కొలబద్ద తెచ్చుకుని జరిమానాకు తగిలించాం, పరిహారాన్ని అక్కడే వదిలేశాం.

అయినా ఈ జాబితా మనకు పనికొస్తుంది, నిర్లక్ష్యం అంటే ఏమిటో తేల్చేటప్పుడు ఏ కోర్టు అయినా అడిగేవి ఇవే కాబట్టి. మన ప్రాంతానికి అన్వయిస్తే మొదటి ప్రశ్నకే చాలా బరువుంది. బేతంచర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి వైపు రోడ్ల మీద నాపరాళ్ల లారీలు, సిమెంటు లారీలు రాత్రీపగలూ తిరుగుతాయి. ఆలూరు, పత్తికొండ, కోయిలకుంట్ల వైపు నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెరెలు విచ్చుతుంది. పైన తారు పగిలి, ఆ పగుల్లోంచి నీళ్లు దిగి, కింద కంకర కదిలితే గుంత పడటానికి ఒక్క పెద్ద వాన చాలు. ఇవన్నీ ఆ శాఖకు ఏళ్ల తరబడి తెలిసిన సంగతులే. "ఊహించని వాన, ఊహించని లోడు" అనే వాదన ఆ రోడ్ల మీద తేలిగ్గా నిలవదు.

తెలుసా అన్నదానికి సాక్ష్యం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. వీధిలో గుంత పడగానే పక్క అంగడాయన కంపకొమ్మ ఒకటి తెచ్చి అందులో గుచ్చుతాడు, కొనకు ఎర్రగుడ్డ కడతాడు. వారం తర్వాత ఆ కొమ్మ ఎండిపోయి, గుడ్డ వెలిసి దుమ్ము పట్టి ఉంటుంది. ఆ ఫోటో వకీలు చేతికి వస్తే దానికి రెండు వైపులా పదును ఉంటుంది. ప్రమాదం రోజుల తరబడి అందరి కళ్లకూ కనబడుతోందని, అధికారులు రాలేదని అది చెబుతుంది. అదే ఫోటో చూపించి అవతలి వకీలు "హెచ్చరిక ఉంది కదా, చూసుకోకుండా వచ్చింది మీవాడే" అంటాడు. ఊరివాళ్లు పెట్టిన కొమ్మ శాఖ పెట్టాల్సిన హెచ్చరిక కిందికి రాదు. పనులు జరిగేచోట బారికేడ్లు, రాత్రి మెరిసే బోర్డులు ఎలా పెట్టాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎస్‌పీ 55 మార్గదర్శకాలు వివరంగా చెబుతాయి.

ఇంకా గట్టి సాక్ష్యం ముందే ఇచ్చిన ఫిర్యాదు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి తీసుకున్న రసీదు, కార్పొరేషన్‌కు పెట్టిన ఫిర్యాదు నంబరు, గుంత ఫోటోతో పేపర్లో వచ్చిన వార్త, ఇవేవీ గుంతను పూడ్చకపోవచ్చు. అర్జీ ఇచ్చినాయన ఇంటికొచ్చి "వీళ్లతో అయ్యేదేం లేదు" అనుకుంటాడు. కానీ ఆరు నెలల తర్వాత అదే గుంతలో వేరే ఎవరో పడితే, ఆ తెలియని మనిషి కేసును నిలబెట్టేది ఈ రసీదే. గుంత కేసుల్లో గెలుపోటములు ప్రమాదం తర్వాత సేకరించినదానికంటే ప్రమాదానికి ముందు ఎవరో రాసిపెట్టినదాని మీద ఎక్కువ ఆధారపడతాయని నాకు అనిపిస్తుంది.

తవ్వి వదిలేసిన గుంత, దానంతట పడిన గుంత

చట్టం కళ్లకు ఈ రెండూ ఒకటి కావు. తాగునీటి పైపుకో, గ్యాస్ పైపుకో, కేబుల్‌కో రోడ్డు తవ్వి, మన్ను అరకొరగా పోసి పోతే, ఆ ప్రమాదాన్ని మనుషులు తమ చేతులతో తయారుచేశారు. అక్కడ తవ్విన సంస్థ బాధ్యత దాదాపు ఖాయం. తవ్వడానికి అనుమతి ఇచ్చి, పూడ్చారో లేదో చూడని కార్పొరేషన్‌కూ వాటా ఉంటుంది. వానకో లోడుకో పడిన గుంత విషయంలో తప్పు, చేయాల్సిన పని చేయకపోవడంలో ఉంది. చేసిన పనిలో తప్పు కంటే పని చేయకపోవడంలోని తప్పును నిరూపించడం ఎప్పుడూ కష్టమే.

సుప్రీంకోర్టు తీర్పులు కూడా రెండు వైపులా ఉన్నాయి. ఢిల్లీ చాందినీ చౌక్ గడియారస్తంభం కూలి చనిపోయినవాళ్లలో ముగ్గురి కుటుంబాలు వేసిన కేసులో 1966లో కార్పొరేషన్‌దే బాధ్యత అని తేల్చింది. దారి పక్కన ఉన్న కట్టడం బాగుందో లేదో చూసుకోవడం దాని పని, లోపం బయటికి కనబడలేదన్నా ఒప్పుకోలేదు. 1997లో రాజ్‌కోట్ కేసు దీనికి ఎదురు తిరిగింది. ఆఫీసుకు నడిచిపోతున్న మనిషి మీద రోడ్డు పక్క చెట్టు కూలింది. ప్రతి చెట్టునూ అదేపనిగా తనిఖీ చేసే భారం మున్సిపాలిటీ మీద మోపలేమని కోర్టు పరిహారం కొట్టేసింది. శాఖల వకీళ్లు ఇప్పటికీ మొదట తీసేది ఈ తీర్పునే.

నా మట్టుకు చెట్టూ గుంతా ఒకటి కావు. లోపల పుచ్చిన చెట్టు ఒక్క క్షణంలో కూలుతుంది. గుంత అలా కాదు, అరచేతంత మొదలై, ప్రతి చక్రానికీ కొంత పెరిగి, అందరి ముందూ తయారవుతుంది. చూడాల్సినవాళ్లకు చూసే సమయం ఇస్తుంది.

డబ్బు ఎక్కడినుంచి వస్తుంది

ఇది మూడు సందర్భాల్లో మూడు రకాలు. ఊహించిన ఉదాహరణలతో చెప్తాను.

కర్నూలులో ఒకాయన రాత్రి తన సొంత స్కూటర్ మీద ఇంటికి పోతూ గుంతలో పడి చనిపోయాడనుకుందాం. వేరే బండి లేదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఇతరుల నష్టానికి కాబట్టి అది ఆయనకు రాదు. పాలసీతోపాటు తీసుకోవాల్సిన యజమాని వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షలు ఉంటుంది. బండి, పాలసీ ఆయన పేర ఉండి, లైసెన్సు చెల్లుబాటులో ఉంటే అది వస్తుంది. బండి అన్న పేర ఉండి తమ్ముడు నడిపితే కథ మారుతుంది. అరువు బండి నడిపినవాడు యజమాని స్థానంలో నిలబడ్డట్టేనని సుప్రీంకోర్టు 2009లో నింగమ్మ కేసులో చెప్పింది, అంటే అన్న ఇన్సూరెన్స్ నుంచి థర్డ్ పార్టీ కింద రాదు. ఇక మిగిలింది కార్పొరేషన్ మీద సివిల్ దావా, లేదా బతికే హక్కు పోయిందని నేరుగా హైకోర్టులో వేసే రిట్. వెనక కూర్చున్న భార్యకు దెబ్బలు తగిలితే, అన్నీ కలిపి తీసుకునే ప్యాకేజీ పాలసీ అయితే కవర్ ఉంటుంది, ఉత్త థర్డ్ పార్టీ పాలసీ అయితే టూవీలర్ వెనక కూర్చున్నవాళ్లకు ఉండదు. పాలసీ తీసుకునేటప్పుడు ఏడాదికి కొన్ని వందలు మిగుల్తాయని చూసుకునే చోట ఈ తేడా ఎవరూ చెప్పరు.

రెండోది, పత్తికొండ రోడ్డు మీద గుంతలో బైక్ పడింది, వెనక లారీ ఆపలేక పైకెక్కింది. ఇప్పుడు మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్ దారి తెరుచుకుంటుంది. నష్టం 20 లక్షలని తేలిందనుకుందాం, తప్పు లారీది 60 శాతం, రోడ్డు శాఖది 40 శాతం. కుటుంబం ఆ 20 లక్షలూ లారీ బీమా కంపెనీ నుంచే వసూలు చేసుకోవచ్చు. ఇద్దరు కలిసి చేసిన నష్టానికి ఎవరి దగ్గరైనా మొత్తం రాబట్టుకోవచ్చని 2015లో ఖెన్యీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రోడ్డు శాఖ వాటా కోసం కంపెనీ తర్వాత పోట్లాడుకుంటుంది. అదే చనిపోయిన వ్యక్తి తప్పు 20 శాతం ఉందని, వేగంగానో అజాగ్రత్తగానో వచ్చాడని తేలితే, కుటుంబానికి 16 లక్షలే. ట్రైబ్యునల్ వాహనం కాని పక్షం తప్పును కూడా చూడవచ్చా అంటే, లెవెల్ క్రాసింగ్ కేసులో రైల్వేను చేర్చవచ్చని 1997లో సుప్రీంకోర్టు అంది. రోడ్డు శాఖను చేర్చేవాళ్లు పట్టుకునే కొస ఇదే.

మూడోది టోల్ రోడ్డు. అమకతాడు దగ్గరో, మరూరు దగ్గరో డబ్బు కట్టి పోయినవాడు ఉచితంగా రోడ్డు వాడుకోవడం లేదు. సేవకు డబ్బు కట్టిన వినియోగదారుణ్ని అనే వాదనతో వినియోగదారుల కమిషన్‌కు పోయే దారి ఉంది. కేరళ త్రిశ్శూరు దగ్గరి పాలియెక్కర టోల్ వసూలును రోడ్డు బాగాలేదని 2025 ఆగస్టులో అక్కడి హైకోర్టు ఆపింది. ఎన్‌హెచ్‌ఏఐ సుప్రీంకోర్టుకు పోతే, గుంతల్లోంచి పోవడానికి జనం మళ్లీ డబ్బు కట్టనక్కర్లేదన్న ధోరణిలో అప్పీలు కొట్టేశారు.

ఈ గొడవలన్నీ తేలేలోపు ఆసుపత్రి బిల్లు ఆగదు. తప్పెవరిదన్న దానితో పనిలేకుండా ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు లేని చికిత్స ఇచ్చే పథకాన్ని కేంద్రం 2025 మేలో తెచ్చింది.

ఇంజనీర్ల వైపు మాట

న్యాయంగా ఇదీ వినాలి. ఒక ఏఈ కింద చాలా రోడ్లు ఉంటాయి. ప్యాచ్ వర్క్ చేసిన కాంట్రాక్టరుకు పాత బిల్లే రాలేదు, కొత్త టెండరుకు ఎవరూ రారు. ఓవర్‌లోడ్ ఆపాల్సింది రవాణా శాఖ, పోలీసులు, నింద మాత్రం రోడ్డు శాఖకు. ప్రతి గుంతకూ పరిహారం కట్టాల్సి వస్తే, పూడ్చడానికి ఉన్న డబ్బే పరిహారానికి పోతుంది అని వాళ్లు అంటారు. 2024 నవంబరులో రాష్ట్రం గుంతలు పూడ్చే పెద్ద కార్యక్రమం ప్రకటించాల్సి వచ్చిందంటే, అంతదాకా పేరుకున్న పని ఎంతో అర్థమవుతుంది.

డబ్బు లేదన్న మాటను కోర్టులు పెద్దగా మన్నించలేదు. 1980లో రత్లాం మున్సిపాలిటీ మురుగు కాలువల కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఖజానా ఖాళీ అన్నది సాకు కాదన్నారు. ఆ కేసు నడిచిన నిబంధన, దారిలో జనానికి ప్రమాదంగా ఉన్నదాన్ని తొలగించమని సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటు ఆదేశించే అధికారం, ఇప్పుడు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షన్‌గా ఉంది. 2025 అక్టోబరులో బాంబే హైకోర్టు ఇంకా ముందుకు పోయింది. గుంత లేక తెరిచిన మ్యాన్‌హోల్ వల్ల మరణిస్తే 6 లక్షలు, గాయాలకు 50 వేల నుంచి రెండున్నర లక్షల దాకా చెల్లించాలని, దాన్ని బాధ్యులైన అధికారులు, కాంట్రాక్టర్ల నుంచి రాబట్టాలని చెప్పింది. ఇంజనీర్ల భయానికి ఆ చివరి మాట కొంత జవాబు, కొంత ఇంకా పెద్ద టెన్షన్. ఆ తీర్పు అమరావతిలోని మన హైకోర్టును కట్టివేయదు. ఉదాహరణగా చూపవచ్చు, అంతే. వాస్తవాల మీదే వివాదం ఉంటే రిట్‌లో తేల్చకుండా సివిల్ కోర్టుకు పొమ్మనే అవకాశం కూడా ఉంది.

కోయిలకుంట్ల జైలు కేసు, ఒక గడువు

సర్కారు మీదే దావా వేయొచ్చా అన్న అనుమానానికి జవాబు మన ప్రాంతంలోనే పుట్టింది. 1977 మేలో కోయిలకుంట్ల సబ్‌జైలు మీద రాత్రి బాంబులు వేశారు. లోపలున్న తండ్రి చనిపోయాడు, కొడుకు గాయాలతో బతికాడు. కాపలా నిర్లక్ష్యానికి ప్రభుత్వం పరిహారం కట్టాలని వేసిన చల్లా రామకృష్ణారెడ్డి కేసు 2000లో సుప్రీంకోర్టులో ముగిసింది. బతికే హక్కు పోయినచోట సార్వభౌమాధికారం అనే రక్షణ, అంటే సర్కారు అధికారంతో చేసినదానికి దావా కుదరదనే వాదన, పనికిరాదని కోర్టు అంది. బాగున్న రోడ్డు బతికే హక్కులో భాగమేనని 2025లో సుప్రీంకోర్టు ఇంకో కేసులో చెప్పింది కాబట్టి, ఈ రెండూ కలిపి చదివితే రోడ్డు శాఖకు ఆ పాత గొడుగు మిగలదు.

ఆ కేసులోనే ఇంకో పేచీ నడిచింది, గడువు గురించి. చట్టం ప్రకారం చేసిన పనికో, చేయని పనికో వేసే నష్టపరిహారం దావాకు కాలపరిమితి చట్టం 72వ అధికరణం ఒక్క ఏడాదే ఇస్తుంది. ఎక్కడా ప్రత్యేకంగా చెప్పని దావాలకు 113వ అధికరణం మూడేళ్లు ఇస్తుంది. ఆ కేసులో మూడేళ్లదే వర్తిస్తుందన్నారు. రోడ్డు నిర్వహణ మున్సిపల్ చట్టం పెట్టిన విధి కాబట్టి గుంత కేసులో ఏడాదే అని అవతలివాళ్లు వాదించే వీలుంది. మరణం కేసులో 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద కుటుంబానికి రెండేళ్లు. ప్రభుత్వం మీద దావాకు ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. ట్రైబ్యునల్ దరఖాస్తుకు 2019 సవరణ ఆరు నెలల గడువు పెట్టింది, దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. మన దగ్గర చాలా కుటుంబాలు సంవత్సరీకం అయ్యాకే వకీలు గడప తొక్కుతాయి. అప్పటికి వీటిలో కొన్ని తలుపులు మూసుకుపోయి ఉంటాయి.